కార్తీకంలో గొట్టం మాత్రలు

రాయపూర్ ల్యాబ్ నుంచి వచ్చిన మా అమ్మాయి సత్యశ్రీ చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గడప మీద కూర్చుంది. ఎవరికి అసలు మందు వెళ్లిందో, ఎవరికి ఉత్తి పొడి వెళ్లిందో రాసి సీలు వేసిన కవరును ఆ రోజే తెరుస్తారని నాకు తెలుసు. పొయ్యి ఆపి వచ్చి పక్కన కూర్చున్నాను.

"ఫరక్ ఏం లేదు మమ్మీ," అంది. "రెండు గ్రూపులూ ఒకటే."

దాని ఐదేళ్ల చదువు పొడపత్రి తీగ మీద. ఆ ఆకు నమిలి పంచదార నోట్లో వేసుకుంటే తీపి తెలియదు, ఇసుక నమిలినట్టుంటుంది. ఒంట్లోని చక్కెరను కూడా తగ్గిస్తుందని మా విజయనగరం వైపు చెప్పుకుంటారు. నేనూ బోటనీతో బీఎస్సీ చదివినదాన్నే గాని, చెప్పుకుంటారన్న మాటతో సరిపెట్టుకున్నాను. సత్యశ్రీ సరిపెట్టుకోలేదు. మా ఊళ్లో స్టీలు ప్లాంటు కార్మికులుండే ఖుర్సీపార్‌లో షుగర్ ఉన్న తెలుగువాళ్లను పోగుచేసింది. డాక్టరు రాసిన మాత్రలు ఎప్పటిలాగే వేసుకోవాలి, వాటికి తోడు సగంమందికి ఆకు పొడి, సగంమందికి చూడ్డానికి అలాగే ఉండే వేరే పొడి. రంగు కుదిరింది, వాసన కుదిరింది, చేదు కోసం మా వంటింట్లోనే నెల్లాళ్లు తంటాలు పడింది. తీపిని చంపే గుణం ఒక్కటే కుదరలేదు. అందుకే రెంటినీ గొట్టం మాత్రల్లో, అంటే క్యాప్సూళ్లలో, నింపింది. నీళ్లతో మింగేస్తే నాలుకకు ఏదీ తెలియదు కదా.

"మొదటి నెలల్లో తేడా ఉంది, చూడు," అని ఫోను నా ముందు పెట్టింది. రెండు గ్రూపుల షుగర్ గీతలు ఒకేచోట బయల్దేరి, ఎడమై, నవంబరులో మళ్లీ దగ్గరకొచ్చి కలిసిపోయాయి. "ఏదో జరిగింది. రేపు వెళ్లి అడుగుతాను."

మర్నాడు పొద్దున్నే ఇద్దరం స్కూటీ మీద ఖుర్సీపార్ వెళ్లాం. ఆ వీధిలో అందరినీ ఈ పరీక్షకు ఒప్పించింది అప్పలనర్సమ్మ పిన్ని. పాలకొండ వైపునుంచి మొగుడి వెంట ప్లాంటు పనికోసం వచ్చి ఇక్కడే ముసలిదైపోయింది. ఆమె మాట ఆ వీధిలో ఎవరూ తీసెయ్యరు. గుమ్మంముందు మంచం మీద, ఒక కాలికి పాత పంచెముక్క చుట్టుకుని కూర్చునుంది.

"ఒలమ్మా, లచ్చిమీ! నీ గుంటని కూడా తెచ్చినావు. ఒలే కనకలతా, టీ ఎట్టు. పంచదార బాగా ఎయ్యి, ఆళ్లకి సుగర్ నేదు."

కోడలు కనకలత లోపల గిన్నె చప్పుడు చేసింది.

"మామ్మా, గొట్టం మాత్రలు మింగారు కదా?" అని అడిగింది సత్యశ్రీ.

"మింగినాం. కార్తీకం దాకా మింగినాం."

"కార్తీకంలో?"

"కార్తీకంలో ఎలగ మింగుతామే? ఆ గొట్టం గొడ్డెముకల్తో సేత్తారంట. మా కోడలు పోన్లో సూసింది. నెల్లాళ్లూ నీసు ముట్టం, గుడ్డు ముట్టం, ఎముకలు మింగుతామేటి? అలాగని మందు మానీలేదు. గొట్టం ఇప్పీసి, పొడి నాలిక మీద ఏసుకున్నాం."

"నేనే అందరివీ విప్పిచ్చాను దీదీ," అంది కనకలత లోపల్నుంచి. "చేతులు కడుక్కునే."

సత్యశ్రీ నావైపు చూసింది. ఆ పైన ఏం జరిగుంటుందో ఇద్దరికీ అర్థమైంది. అయినా వినక తప్పలేదు.

"ఆ పక్కింటి రాజాబాబు ఉన్నాడు గదా, టీలో పంచదార ఎయ్యనేదని పెళ్లాంతో తగువు! అది రెండు చెంచాలు ఏసినానని ఒట్టు. నాకేమో శుబ్బరంగా తియ్యగుంది. అప్పుడు తెలిసింది, ఆడిది అసలుది, నాది ఉత్తిదని. నీ మీద కోపమొచ్చినాది గుంటా. మళ్లీ అనుకున్నాం, పాపం పిల్లకి అందరికీ సరిపడా ఆకు దొరికుండదని."

"తర్వాత?"

"తర్వాతేటి? అందరివీ ఒక్క డబ్బాలో పోసి కలిపీసినాం. చెంచాతో కొలిసి సమానంగా పంచుకున్నాం. ఒకలికుండి ఒకలికి నేకపోతే ఎలగ? కార్తీకం ఎల్లిపోయినా అలగే ఏసుకున్నాం. ఎవలికీ అన్నేయం జరగనేదు."

ఆమె ముఖంలో నిజంగా సంతోషం ఉంది. సత్యశ్రీ తాగని టీ గ్లాసు కింద పెట్టేసింది.

నేను మంచం దగ్గరకు వెళ్లాను. గుడ్డలోంచి వాసన వస్తోంది. "కాలికేమైంది పిన్నీ?"

"సెప్పు కరిసినాది. మాన్తాదిలే."

"డాక్టరు మాత్రలు వేసుకుంటున్నావా?"

"అయ్యెందుకింక? నోట్లో ఏసిన పంచదారనే సంపేత్తంది ఆకు, ఒంట్లోది వదుల్తాదేటి? ఈదిలో సేనామంది మానీసినారు."

గుడ్డ విప్పి చూశాను. రెండు వేళ్లు నల్లబడి ఉన్నాయి. ఆటో పిలిచి అప్పుడే ఆస్పత్రిలో చేర్చాం.

ఆ సాయంత్రం వరకూ సత్యశ్రీ ఇంటింటికీ తిరిగి, మాత్రలు మళ్లీ మొదలుపెట్టమని బతిమాలింది. "అయితే ఆకు పన్జెయ్యదనా?" అని రాజాబాబు నిలదీశాడు. సత్యశ్రీ పనిచేస్తుందని చెప్పలేదు, చెయ్యదనీ చెప్పలేదు. "చూశారా, ఆవిడకే తెలీదు," అని అతను లోపలికి వెళ్లిపోయాడు.

తిరిగి వస్తుంటే దారిలో అంది: "మనింట్లో కూడా కార్తీకంలో గుడ్డు తేవు కదా మమ్మీ. నాకెందుకు తట్టలేదు?"

చేదు కోసమే నెల్లాళ్లు వెతికిన పిల్ల అది.

దాని గైడు గణపతిరావుగారు ఫోన్లో చాలాసేపు మాట్లాడారు. ఆకు వల్ల తేడా లేదని రాసేసి ఊరుకోమన్నారు, పేపరైనా దక్కుతుందని. సత్యశ్రీ జరిగింది జరిగినట్టు రాసి, పరిశోధనకు డబ్బిచ్చే సంస్థకు పంపింది. పరీక్ష చెల్లదని, ఇక డబ్బు ఇవ్వబోమని జవాబు వచ్చింది. పెరట్లో సత్యశ్రీ పెంచిన పొడపత్రి తీగ గోడెక్కి పక్క క్వార్టర్ వైపు పోతోంది. ఎండిన ఆకులు నేను ఏరుతుంటే, "వదిలెయ్ మమ్మీ," అంది.

ఈలోగా పిన్ని కాలు చీలమండ దాకా తీసేశారు. చూడ్డానికి వెళ్లినప్పుడు మెలకువగానే ఉంది. పిన్నే సత్యశ్రీ చెయ్యి పట్టుకుంది.

"ఒలే గుంటా, నువ్వు సదివినావు కదా. ఆ ఆకు పన్జేత్తాదా, సెయ్యదా?"

"తెలీదు మామ్మా."

"అయితే మళ్లీ సెయ్యి. ఈపాలి గొట్టంతోనే మింగుతాం. కార్తీకమైనా మింగుతాం. మా ఈదోళ్లకి నాను సెప్తాను."

"ఇంక చెయ్యనివ్వరు మామ్మా."

పిన్ని దుప్పటి వైపు చూసింది. పాదం ఉండాల్సిన చోట ఒక పక్క అది మంచానికి అంటుకుని బల్లపరుపుగా ఉంది.

"మరి మాకెవలు సెప్తారే?" అంది.

 పట్టుకున్న చెయ్యి వదలకుండా సత్యశ్రీ ముఖంలోకే చూస్తోంది.