స్ప్రింగుల విమానం

కుర్చీలకి కవర్లు మార్చి రమ్మని పంపిస్తే మా ఆయన విమానం తెచ్చుకున్నాడు.

మాది సోఫాల కొట్టు. ముందు గది కొట్టు, వెనక షెడ్డులో పని, పైన ఇల్లు. మా ఆయన చట్రాలు బిగించి, స్ప్రింగులు కట్టి, గుడ్డ లాగి మేకులు కొడతాడు. నేను కవర్లు కుడతాను. దూది, పీచు, ఫోమ్, ఏది ఎంత కూరాలో మా అత్తయ్య చేత్తో నొక్కి చెబుతుంది. ఆవిడ నొక్కి చూడని సీటు మా గడప దాటదు. ఊరి బయట, చిన్న చిన్న విమానాలు సరదాకి ఎగరేసుకునేవాళ్ల క్లబ్బు ఒకటుంది. వాళ్ల కుర్చీలు చిరిగితే కబురు చేశారు. పొద్దున వెళ్లిన మనిషి సాయంత్రం లారీలోంచి లాటరీ తగిలినవాడిలా నవ్వుకుంటూ దిగాడు. వెనకాల అల్యూమినియం గొట్టాలు, మూడు చక్రాలు, ఒక ఇంజను, ఒక చెక్క పంకా, రెండు రెక్కలు. రెక్కల మీది గుడ్డ పీలికలై వేలాడుతోంది. ఒక రెక్కలో పావురాలు కాపురం చేసి ఖాళీ చేసిన గుర్తులు కూడా ఉన్నాయి.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"ఊఁ" అన్నాడు.

ఈ "ఊఁ" గురించి ముందు చెప్పాలి. సోఫా పనికి రెండు చేతులు చాలవు. ఒక చేత్తో గుడ్డ లాగిపట్టుకోవాలి, ఇంకో చేత్తో సుత్తి పట్టుకోవాలి. మరి మేకులు ఎవరు అందిస్తారు? అందుకని బుల్లి మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కోటి పెదాల మీదికి తెచ్చుకుంటాడు మా ఆయన. ఆ అలవాటు పనితో ఆగితే బాగుండేది. కంగారు పుట్టినా, సంతోషం పట్టలేకపోయినా, నాతో గొడవొచ్చేలా ఉన్నా చెయ్యి జేబులోకి పోతుంది, మేకులు నోట్లోకి పోతాయి. ఇక ఏమడిగినా "ఊఁ". పెళ్లైన కొత్తలో ఇదంతా వినయం అనుకుని మురిసిపోయాను. అసలు సంగతి తెలిశాక, ఆయన గడ్డం కింద అరచెయ్యి పట్టి "ఉమ్మండి" అనడం నేర్చుకున్నాను.

ఆ సాయంత్రం కూడా అరచెయ్యి పట్టాను. ముందు మేకులు రాలాయి, తర్వాత మాటలు రాలాయి.

"ఒక్కరు కూర్చునే విమానం. ఎప్పుడో నేల మీదే బోల్తా కొట్టిందట. అప్పట్నుంచి మూల పడేశారు. వచ్చే ఏడాది వానలు మొదలయ్యేలోగా బాగుచేసి ఎగరేస్తే నాదే అన్నారు మాస్టారు. లేకపోతే తుక్కు కొట్టుకే. నేను ఎగురుతా."

"మేడ మెట్లెక్కితేనే ఆయాసపడతారు మీరు."

"విమానానికి మెట్లుండవు" అన్నాడు ధీమాగా.

మాస్టారంటే ఆ క్లబ్బులో ఎగరడం నేర్పే పెద్దాయన. మనిషి రివటలా ఉంటారు. నవ్వితే ఒంట్లో ఉన్న కాస్త కండా ఎక్కడ ఖర్చైపోతుందో అన్నట్టు నవ్వరు. ఆదివారం ఆదివారం ఆయన దగ్గర, క్లబ్బువాళ్ల ఇద్దరు కూర్చునే విమానంలో మా ఆయన ఎగరడం నేర్చుకున్నాడు. పరీక్ష కూడా పాసయ్యాడు. మిగతా రోజుల్లో సోఫాల మధ్య ఈ విమానం. వంకర పోయిన గొట్టాలు మార్చాడు. తీగలన్నీ కొత్తవి వేశాడు. కార్బ్యురేటర్ విప్పి నా వంటగిన్నెలోనే పెట్రోలు పోసి కడిగాడు. ఆ గిన్నె మళ్లీ వంటింట్లో అడుగు పెట్టలేదు.

రెక్కలకి గుడ్డ నేను కుట్టాను. దిండుకి గలీబు తొడిగినట్టు తొడిగి, అంచులు జిగురుతో అతికించి, పైన ఇస్త్రీ పెట్టె తిప్పితే గుడ్డ దానంతటదే ముడుచుకుని బిగిసిపోతుంది. వేలితో కొడితే టంగుమంది. ఆ చప్పుడు విని మా ఆయన రెండు మేకులు మింగినంత పని చేశాడు.

నవ్వుతూ చెబుతున్నానే గానీ నాకు భయం. అంత మనిషి ఇంత పల్చటి గుడ్డని నమ్ముకుని గాల్లోకి వెళ్తాడంటే, మిషను తొక్కుతుంటే కాళ్లు ఆగిపోయేవి. వద్దని ఒకసారి చెప్పి చూశాను. వెంటనే మేకులు నోట్లో పోసుకున్నాడు. అప్పుడు ఆయన మొహం చూసి ఇంకోసారి చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్లుగా ఊరందరూ మెత్తగా కూర్చోడానికి నడుం వంచిన మనిషి, మొదటిసారి తనకోసం ఒకటి అడిగాడు.

వానలకి ఇంకో రెండు ఆదివారాలున్నాయనగా విమానాన్ని మైదానానికి తీసుకెళ్లాం. మాస్టారు చుట్టూ తిరిగి, ప్రతి బోల్టునీ వేలితో తడిమి, ఇంజను స్టార్ట్ చేయించి విని, తల ఊపారు. మా ఆయన పొంగిపోయాడు. తర్వాత మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టారు. ముళ్లు చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఈ విమానం మోయగలిగే బరువులోంచి దీని బరువు తీసేస్తే, నడిపేవాడికి ఎంత మిగిలిందో తెలుసా?" అన్నారు.

"ఎంతండీ?"

"ఒక పిల్లికి సరిపోద్ది. మీ ఇంట్లో విమానం నడిపే పిల్లి ఉందా?"

మా ఆయన చెయ్యి జేబులోకి పోయింది.

మాస్టారు సీటు దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. కూర్చున్నవారు అంగుళం పైకి లేచి మళ్లీ కూర్చున్నారు. "స్ప్రింగులా?" అన్నారు. "ఊఁ" అన్నాడు మా ఆయన. మాస్టారు రెండు పక్కలా చూశారు. గుండ్రంగా, మెరూన్ రంగు రెక్సిన్ తొడిగి, గుండీలు కుట్టిన చేతులు.

"విమానానికి ఈ చేతులేంటయ్యా?"

నేను అరచెయ్యి పట్టాను. "చేతులు పెట్టుకోడానికండీ" అన్నాడు మా ఆయన నీళ్లు నములుతూ.

"గాల్లో నీకు చేతులు ఖాళీగా ఉంటే కదా! ఇది విమానం కాదు, సోఫా. వచ్చే ఆదివారం వస్తాను. బరువు దిగిందా సరే. లేకపోతే తుక్కుబండిని నేనే పిలుస్తాను."

ఇంటికొచ్చి షెడ్డులో విప్పడం మొదలుపెట్టాం. ముందు మా ఆయన చేసినవి బయటపడ్డాయి. స్ప్రింగులు, వాటికింద టేకు పలక, రెండు చేతులు, కాళ్లు పెట్టుకోడానికి ఒక బుల్లి పీట. "అలవాటు మీద చేసేశాను" అన్నాడు. సీటు కోస్తే లోపల్నుంచి మా ఆయన ఎరగని దూది వచ్చింది. లాగేకొద్దీ వస్తూనే ఉంది. నేనూ ఆయనా కలిసి అత్తయ్య వైపు చూశాం.

"పడితే మెత్తగా ఉంటుందని పెట్టా. తప్పా?" అంది ఆవిడ.

ముక్కు భాగం విప్పితే పీచు. దాని వెనక ఒక బిస్కెట్ల డబ్బా, దుప్పటి, గొడుగు.

"అమ్మా, గొడుగెందుకే?"

"పైన వానొస్తే ఎక్కడ ఆగుతావురా? చెట్టు కిందా?"

మా ఆయన తల పట్టుకున్నాడు. ఇంత తీసినా బరువు ఇంకా తగ్గాలి. గొట్టాలు చూశాడు, చక్రాలు చూశాడు, చివరికి రెక్కని చేత్తో ఎత్తి చూసి నా మొహం చూశాడు. నేను మిషను మీద దుమ్ము తుడవసాగాను. మిషను మీద దుమ్ము లేదు.

"లోపల లైనింగ్ వేశావా?"

"వేశాను. అంచులకి పైపింగ్ కూడా వేశాను. పైగుడ్డ చిరిగితే లోపలిదైనా ఉంటుందని వేశాను. మీరు పడిపోతే నేనేం కావాలి? పదండి, ఇప్పుడు అరవండి!" అని నేనే అరిచాను. అరుస్తుంటే ఏడుపొచ్చేసింది.

మా ఆయన అరవలేదు. గొడవొచ్చేలా ఉందని మేకులు నోట్లో పోసుకున్నాడు గానీ, నేను చెయ్యి పట్టకుండానే తనే ఉమ్మేశాడు. అదే మొదటిసారి.

"నీ కుట్టు ఎక్కడైనా ఊడిందా ఇప్పటిదాకా? మన సోఫాల మీద పిల్లలు గెంతారు, పందెం వేసుకుని పెద్దాళ్లు గెంతారు. ఒక్క పోగు కదల్లేదు. ఆ రెండో గుడ్డ నీ భయానికి కావాలి గానీ నాకక్కర్లేదు" అన్నాడు.

ఆ మాటకి నేనే కత్తెర తీసుకున్నాను. వారమంతా కొట్టు మూసి రెక్కలు చించి మళ్లీ ఒకే గుడ్డతో కుట్టి, తొడిగి, ఇస్త్రీ చేశాను. సీటు చోట వట్టి పట్టీ గుడ్డ ఒకటి బిగించాడు. అత్తయ్య దాన్ని నొక్కి చూసి, "శత్రువుకి కూడా ఇలాంటి సీటు చెయ్యలేదు మనం" అని కళ్లొత్తుకుంది.

విమానం సంగతి అలా తేలింది. మిగిలింది మా ఆయన. వారంలో ఆయన్ని కూడా కొంత విప్పి తీసేస్తే బాగుండేది. పొద్దున్నే షెడ్డు చుట్టూ పరిగెత్తించాను. అన్నం సగం చేశాను. ఎంతకీ తగ్గడే! మూడో రోజు కనిపెట్టాను. పరిగెత్తేవాడు షెడ్డు వెనక మలుపు తిరిగి ఎంతకీ రావడం లేదు. వెళ్లి చూద్దును కదా, అక్కడ అత్తయ్య, ఆవిడ చేతిలో ఆ బిస్కెట్ల డబ్బా.

"మావాడు లావు కాదమ్మాయ్, ఎముక పెద్దది" అంది.

ఆదివారం వచ్చింది. పడమటి వైపు మబ్బులు కూడా వచ్చాయి. మాస్టారు విమానం తూచి, ఈసారి సరేనని తల ఊపి, ఇంకో కాటా తెప్పించి దాని అద్దం మీద ఎర్రగా గీత గీశారు. "ముల్లు ఈ గీత దాటకూడదు. ఎక్కు" అన్నారు.

మా ఆయన ఎక్కాడు. ముల్లు గీత దాటింది.

బూట్లు తీశాడు. బెల్టు తీశాడు. జేబుల్లోంచి సుత్తి, టేపు, సుద్దముక్కలు, వంకర సూది తీశాడు. తర్వాత మేకులు. ముందు జేబు, వెనక జేబు, చొక్కా జేబు, ప్యాంటు మడతలు. మేకులు గుట్ట పడ్డాయి. ముల్లు వెనక్కి జరిగింది గానీ గీత ఇవతలికి రాలేదు. మా ఆయన నా వైపు చూడకుండా ఉంగరం తీసి నా చేతిలో పెట్టాడు.

"ఉంగరం బరువెంతండీ!" అన్నాను మండిపడి.

"ఊఁ" అన్నాడు.

ముల్లు గీతని ఆనుకుని ఆగింది. ఇవతలా కాదు, అవతలా కాదు. మాస్టారు ముల్లుని చూశారు, మబ్బుని చూశారు. తుక్కుబండివాడి నంబరు ఉన్న ఫోను ఆయన చేతిలోనే ఉంది. విచిత్రమేమిటంటే, అప్పటిదాకా ఆయన ఎగురుతాడని భయపడ్డ నేను, అప్పుడు ఎగరడేమోనని భయపడ్డాను.

అంతలో నాకు వెలిగింది. జేబులన్నీ ఖాళీ. మరి ఈ "ఊఁ" ఎక్కడిది?

గబగబా వెళ్లి గడ్డం కింద అరచెయ్యి పట్టాను. "ఉమ్మండి!"

దొంగలా చూసి, ఉమ్మాడు. గుప్పెడు మేకులు.

ముల్లు కదిలి గీత ఇవతలికి వచ్చిందని అత్తయ్య ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది. నాకైతే కదిలినట్టు కనబడలేదు. మాస్టారు మాత్రం వంగి చూసి, ఫోను జేబులో పెట్టుకుని, "చాలు. పో" అన్నారు. ఆయన మూతి పక్కన నవ్వులాంటిదేదో వచ్చి, ఖర్చుకి భయపడి ఆగిపోయింది.

మా ఆయన సాక్సులతో వెళ్లి ఆ పట్టీ గుడ్డ మీద కూర్చున్నాడు. ఇంజను అందుకుంది. విమానం గడ్డి మీద గెంతుతూ గెంతుతూ పోయింది. ఒక గెంతు తర్వాత ఇంకో గెంతు రాలేదు. చక్రాల కింద వెలుతురు కనబడింది. అత్తయ్య నా భుజం పట్టుకుంది. ఆవిడ గోళ్లు దిగాయి.

మా నెత్తి మీదుగా వెళ్తుంటే రెక్క అడుగు కనబడింది. ఎండ ఆ ఒక్క గుడ్డలోంచి దిగుతుంటే నా కుట్టు ఈ చివర నుంచి ఆ చివరి దాకా గీత గీసినట్టు కనబడింది. దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఒక్క పోగు కదల్లేదు.

మైదానం చుట్టూ రెండు చుట్లు తిరిగి దిగాడు. దిగడం ధబ్బుమని దిగాడు. స్ప్రింగులుంటే ఇంత బాధ ఉండేదా అని అత్తయ్య గొణిగింది. పరిగెత్తుకుంటూ వెళ్లాం. మా ఆయన అలాగే కూర్చుని ఎదురుగా చూస్తున్నాడు.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"ఊఁ."

ఒళ్లు మండింది. ఇంతసేపూ ఇక్కడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడితే, ఈయన పైకి కూడా మేకులు తీసుకెళ్లాడా! అరచెయ్యి పట్టి, "ఉమ్మండి" అన్నాను గట్టిగా.

నోరు తెరిచాడు. లోపల ఒక్క మేకు కూడా లేదు. ఆ నోరు మూయడం కూడా మర్చిపోయి అలాగే నన్ను చూశాడు. చెంప మీంచి ఒక చుక్క జారి, గడ్డం దాకా వచ్చి, నా అరచేతిలో పడింది.

ఉంగరం తీసి ఆయన వేలికి తొడిగాను.

అత్తయ్య మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఆ ఏడుపేదో పొద్దున కాటా మీదే ఏడ్చేసుంటే, ఉంగరం తియ్యాల్సిన పనే ఉండేది కాదుగా!" అంది.

"ఊఁ" అన్నాడు మా ఆయన.