చుక్క చుట్టూ వలయం

అంబులెన్స్ కంట్రోల్ రూములో ఆమెను అందరూ ఆరాలత్త అనేవారు. ఫోన్ చేసినవాళ్ల ప్రాణాలు తోడేసేది మరి. ఎదురిల్లు ఎవరిది, గేటు రంగేమిటి, పక్కన కొట్టేమైనా ఉందా అంటూ ఒకటే ఆరా. ఫోను ఉన్నచోటు తెరమీద చుక్కగా కనబడే ఏర్పాటు వచ్చాక పై అధికారి ఆ నోటికి తాళం వేశాడు. "చుక్క కళ్లెదురుగా ఉంటే ఇంకా ఈ ఆరాలెందుకండీ?"

ఇక చుక్క చెప్పిందే వేదం. దాని చుట్టూ లేత నీలం వలయం ఒకటుండేది. మనిషి అందులో ఎక్కడైనా ఉండొచ్చని దానర్థం. దాన్ని పట్టించుకునే తీరిక ఎవరికుంది?

ఆ మధ్యాహ్నం ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. భర్త వంటింట్లో కుప్పకూలాడు, ఊపిరి తీసుకోవడం లేదు. చుక్క సరిగ్గా ఒక ఇంటిమీద పడింది. గేటు రంగేమిటని అడగబోయి, ఆరాలత్త నాలిక చివరిదాకా వచ్చిన మాటను మింగేసింది. బండిని అక్కడికి పంపింది.

"ఫోను స్పీకర్లో పెట్టి ఆయన పక్కన ఉంచండి పెద్దమ్మా. రెండు చేతులతో ఛాతీ మధ్యలో గట్టిగా నొక్కుతూ ఉండండి. ఆపొద్దు."

"నా చేతులు పడిపోతున్నాయి తల్లీ."

"వచ్చేస్తున్నారు. ఇంకొంచెం ఓర్చుకోండి."

ఫోనులోనే సైరన్ వినబడింది. తెరమీద బండి చుక్కను చేరింది. ఆరాలత్తకు ప్రాణం లేచొచ్చింది.

"వచ్చేశారు పెద్దమ్మా. ఇక ఆపి, వెళ్లి తలుపు తీయండి."

అడుగులు దూరమయ్యాయి. ఎక్కడో గొళ్లెం తీసిన చప్పుడైంది. అంతలో రెండో లైన్లో డ్రైవరు మాట్లాడాడు.

"అక్కా, ఈ ఇంటికి తాళం వేసుంది. కిటికీలోంచి చూస్తే లోపల సామాను కూడా లేదు."

ఆమె అప్పుడు చూసింది వలయం వంక. అందులో రెండు వీధులున్నాయి. ఇళ్లు వీపుకు వీపు ఆనించి కట్టినవి, మధ్యన ఒకటే గోడ.

"వెనక వీధి తమ్ముడూ. చుట్టూ తిరిగి వెళ్లు, తొందరగా."

మొదటి లైన్లోకి వంగి అరిచింది. "పెద్దమ్మా, వెనక్కి రండి. మళ్లీ నొక్కండి." ఫోను వంటింట్లో నేలమీద ఉంది, ఆవిడ వీధి గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తోంది. వినేదెవరు? ఆరాలత్త గొంతు పోయేదాకా పిలుస్తూనే ఉంది.

చాలాసేపటికి అడుగుల చప్పుడు దగ్గరైంది.

"మా బండి ఇంకా రాలేదమ్మా" అంది పెద్దావిడ. "ఇందాక వచ్చింది వెనక వీధికిలా ఉంది. పాపం, అక్కడెవరికి బాగాలేదో."