గేటు దగ్గర గాజులు

ముందు ఎడమచేతి గాజులు తీస్తుంది నాగదుర్గ. అవి తేలిగ్గానే వస్తాయి. కుడిచేతివి అలా కాదు, ఆ చేతి వాపు తెల్లారినా పూర్తిగా తగ్గదు, బొటనవేలిని అరచేతిలోకి మడిచి, పళ్ళు బిగబట్టి లాగాలి. తర్వాత బొట్టుబిళ్ళ, ముక్కుపుడక, మెట్టెలు. పుస్తెలతాడు ఒక్కదాన్ని మాత్రం జాకెట్టులోపలికి తోసుకోనిస్తారు, కంపెనీవాళ్ళకి ఆమాత్రం దయ ఉంది. తీసినవన్నీ అన్నం కారేజీ మూతలో పోసి, గేటు పక్కనున్న అరల్లో తన అరలో పెట్టి, సెల్‌ఫోను కూడా దాని పక్కనే ఉంచేస్తుంది. తాళం వెయ్యదు. తాళంచెవి కూడా లోపలికి తీసుకెళ్ళకూడదు మరి.

ఇక్కడ శుభ్రం చేసిన రొయ్యని తినేవాళ్ళు ఎక్కడో సముద్రాల అవతల ఉంటారు. వాళ్ళ పళ్ళెంలో గాజుపెంకు పడకూడదు, ఈ ఊరి ఆడదాని బొట్టుబిళ్ళ తేలకూడదు. అందుకని భీమవరం చుట్టుపక్కల ఊళ్ళనుంచి కంపెనీ బస్సులో దిగిన పునిస్త్రీలంతా పొద్దున్నే బోసిచేతులతో, బోసినుదుళ్ళతో ఈ గేటు దాటతారు. తెల్లకోటు, టోపీ, మూతికి గుడ్డ, మోకాళ్ళదాకా బూట్లు తొడిగాక ఎవరు ఎవరో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

ఇదే నాగదుర్గ అత్తగారు తలుపులమ్మకి కిట్టదు.

"మొగుడు మంచాన పడుంటే రోజూ గాజులు తీసి పారేస్తావేంటే? నీ బోసిచేతులే తగిలాయి నా కొడుక్కి" అంటుంది.

"అయితే నువ్వెళ్ళత్తా. నీ గాజుల్తో నువ్వు ఒలు రొయ్యలు" అంటుంది నాగదుర్గ. ఆ ఇద్దరికీ అది రోజూ ఉండే తద్దినమే.

మంచాన పడ్డ ఆ మొగుడు చినబాబు మాత్రం ఆ గొడవలో తల దూర్చడు. సాయంత్రం పెళ్ళాం గుమ్మంలోకి రాగానే మొహం చూడడు, చేతులు చూస్తాడు. "ఏదీ, ఆడించు" అంటాడు. ఆమె చేతులు పైకెత్తి గలగలమనిపిస్తుంది. అప్పుడు కళ్ళు మూసుకుంటాడు. ఆ ఎర్రగాజులు అతను మావుళ్ళమ్మ జాతరలో కొన్నవే. ఒక సైజు పెద్దవి కొన్నాడు. పొద్దస్తమానం ఐసునీళ్ళలో నానిన చేతులు సాయంత్రానికి బన్నురొట్టెల్లా ఉబ్బిపోతాయి, సరైన సైజు గాజులు ఎక్కవు. పెద్దవాటికైనా గేటు దగ్గర కొళాయి కింద సబ్బు రాసుకుంటేగాని లాభం లేదు. "నీ చేతులు పొద్దున నీవి, సాయంత్రం కంపెనీవి" అని నవ్వేవాడు, నవ్వగలిగిన రోజుల్లో.

ఒకప్పుడు రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాడు చినబాబు. గట్టుమీద పాకలో పడుకుని, నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచేవాడు. అలాంటివాడికి రెండు కిడ్నీలూ పోయాయి. ఇన్నాళ్ళూ డయాలసిస్‌తో లాక్కొచ్చారు. పోయినవారం ఆసుపత్రిలో, గుండె ఇంక మిషన్‌ని తట్టుకోదు, ఇంటికి తీసుకెళ్ళి దగ్గరుండి చూసుకోండి అన్నారు. దగ్గరుండి అన్న మాట డాక్టరు ఆమె మొహంలోకి చూసి మరీ అన్నాడు.

ఇవాళ పొద్దున ఆమె జడకి ముడేసుకుంటుంటే చినబాబు చెయ్యి చాచాడు.

"ఇవాళుండిపోవే."

"చెప్పకుండా మానేస్తే బాగోదు కదా. మేనేజరు గారికి మానేస్తున్నానని చెప్పేసి మధ్యాహ్నం బస్సుకొచ్చేస్తాను. రేపట్నుంచి నీ మంచం పక్కనే."

"రోజూ అదే మాట."

"ఇవాళ ఒట్టు."

అతను చాచిన చెయ్యి దించేసి, "వచ్చేటప్పుడు ఐసుముక్క తే. నోరు పీక్కుపోతోంది" అన్నాడు.

ఆ మాటలే నెమరేసుకుంటూ నాగదుర్గ కంపెనీలో చేతులు క్రిములు చంపే మందునీళ్ళలో ముంచి హాల్లోకి వెళ్ళింది. చలి ఒక్కసారి మొహాన కొట్టింది. హాలంతా ఐసు, రొయ్య వాసన, పొడుగాటి స్టీలుబల్లలు, బల్లలకి ఇరువైపులా వంగిన తెల్లటోపీలు. ఒక బల్ల మొత్తానికి నాగదుర్గ సూపర్‌వైజరు. తలలు తీసి, నరం లాగి, సైజులవారీగా వేరుచేసే పనంతా ఆమె కళ్ళముందే జరగాలి. ఆ బల్లమీద ఎవరు పొరపాటు చేసినా తిట్లు ఆమెకే. పోయిన నెల విదేశంలో ఏదో డబ్బాలో ఒక వెంట్రుక దొరికిందని అందరిముందూ ఆమెని నిలబెట్టి టోపీ తీయించారు. నలభై ఏళ్ళ మనిషి, జుట్టు విప్పుకుని నిలబడింది. ఆ రోజు ఇంటికెళ్ళి చినబాబుకి చెప్పలేదు. మానేద్దామని మొదట అనుకున్నది ఆ రోజే.

అయినా మానలేదు. ఎందుకు మానలేదంటే అందరికీ చెప్పే జవాబొకటుంది. ఇంట్లోకి వచ్చేది ఈ జీతమే, ఇది పోతే మందులెలా అని. అబద్ధం కాదది. కానీ దానికింద ఇంకొకటుంది, దాన్ని ఆమె తనకి తను కూడా పూర్తిగా చెప్పుకోదు. ఈ హాల్లోకి ఫోను రాదు. అతని ఎగశ్వాస వినపడదు. నీళ్ళు, నీళ్ళు అని అడిగే నోరు కనపడదు. రొయ్యలు అడగవు. ఈ పాడు హాల్లో, ఈ తిట్లమధ్య, ఆమెకి కాస్త ప్రాణం కుదుటపడుతుంది. సిగ్గులేని మాట, కానీ నిజం.

"చెప్పేశావా వదినా?" బల్ల చివర్నుంచి రూతు అడిగింది. రూతుది పక్కవీధే.

"చెప్తాలే."

"నువ్వు చెప్పవు వదినా. నాకు తెలుసు."

అంతలో మేనేజరు శాంతికుమార్ హడావిడిగా వచ్చాడు. ఎక్కడో చెరువులకి తెల్లమచ్చ తెగులు తగిలిందట, రైతులు భయపడి రాత్రికి రాత్రే రొయ్యలు పట్టేశారట, లారీల మీద లారీలు దిగుతున్నాయట. సాయంత్రానికి కంటైనరు వెళ్ళిపోవాలి.

"ఏంటి దుర్గా, ఏదో చెప్పాలన్నావంట?"

మాట పెదవులదాకా వచ్చింది. శాంతికుమార్ ఆగాడు కూడా, పాపం. నిజంగానే ఆగాడు. మానేస్తున్నానండి అన్న ఒక్క ముక్క అనేస్తే, మధ్యాహ్నం బస్సెక్కి ఆ మంచం పక్కన కూచోవాలి. రేపూ కూచోవాలి. అయిపోయేదాకా కూచోవాలి.

"ఏం లేదండి. లోడయ్యాక చెప్తానండి."

"సరే, కానీండి, కానీండి" అంటూ వెళ్ళిపోయాడు. రూతు తల దించుకుని రొయ్య తల తుంచింది.

మధ్యాహ్నం బస్సు వెళ్ళిపోయింది. అన్నాలకి కూడా వంతులవారీగా గబగబా పంపారు, నాగదుర్గ వెళ్ళలేదు. గంట మోగినప్పుడల్లా చేతులు మందునీళ్ళలో ముంచడం, మళ్ళీ ఐసులో పెట్టడం. ఒక లారీ అయ్యేసరికి ఇంకొకటి. కంటైనరు తలుపులు మూసి సీలు వేశాక శాంతికుమార్ మళ్ళీ వచ్చాడు. ఈసారి హడావిడి లేదు.

"ఇంటి దగ్గర్నుంచి ఫోనొచ్చిందంట, ఓసారి వెళ్ళమ్మా."

"ఎప్పుడండీ?"

"ఇందాక."

బూట్లతోనే గేటుదాకా పరుగెత్తింది. వాచ్‌మన్ జీవరాజు అప్పటికే ఆమె ఫోను చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అన్నాలవేళే చెప్పేనమ్మా లోపలికి. మళ్ళీ మళ్ళీ చెప్పేను. లోడు మీదున్నారు, అయ్యాక పంపుతాం అన్నారు."

ఆమె అత్తగారికి ఫోను చేసింది. ఎప్పుడూ ఎత్తగానే అరిచే తలుపులమ్మ ఇవాళ అరవలేదు.

"ఇంక తొందరేం లేదే. నెమ్మదిగానే రా."

ఆటో ఎలా ఎక్కిందో, తెల్లకోటు ఎక్కడ విప్పిందో నాగదుర్గకి గుర్తులేదు. వాకిట్లో ఆడవాళ్ళు దారిచ్చారు. చినబాబుని అప్పటికే మంచం మీదనుంచి దించి చాపమీద పడుకోబెట్టారు. పెదవులు ఎండి అట్టలు కట్టి ఉన్నాయి. ఆమె పక్కన కూలబడి, ఎందుకో తెలియకుండానే రెండు చేతులూ పైకెత్తింది. చప్పుడు కాలేదు.

అందరూ ఆ చేతులే చూశారు.

"గాజులేవే?" అంది తలుపులమ్మ.

జవాబుకోసం ఆవిడ ఆగలేదు. కోడలి ఉబ్బిన చేతుల్ని తన ఒళ్ళోకి లాక్కుని, కొడుకు పోయినప్పట్నుంచి బిగబట్టుకున్న ఏడుపంతా వాటిమీద పడి ఏడ్చింది.

"ఏడుపులు తర్వాత, ముందు గాజులు చూడండి" అంది వరసకి పినత్తయ్యే శ్యామలాంబ. "పెద్దకర్మ దాకా చేతులకి ఉండాలి కదా. పగలగొట్టడానికైనా ఉండాలి కదే తల్లీ."

ఎవరో పరుగున వెళ్ళి పచ్చగాజులు తెచ్చారు. చిన్న సైజువి. సబ్బు రాసి, ఇద్దరు పట్టుకుని, ఎముకలు నలిగేలా ఎక్కించారు. నొప్పికి నాగదుర్గ కళ్ళు తిరిగాయి. వీటిని ఆడించమని అడిగేవాడు లేడు. తియ్యడానికే తొడిగించుకుంటున్న గాజులు ఇవి. మళ్ళీ ఇందులో కూడా కంపెనీ గేటు పద్ధతే.

పెద్దకర్మ రోజు వాటిని పగలగొట్టారు. ఆ మర్నాడు శాంతికుమార్ ఫోను చేశాడు. నొచ్చుకున్నట్టే మాట్లాడాడు, ఆ రోజు సంగతి తనకి సరిగ్గా చెప్పలేదన్నాడు, ఇంకా కొన్నాళ్ళు సెలవు పెట్టుకోమన్నాడు.

"సెలవొద్దండి. మానేస్తున్నానండి" అంది నాగదుర్గ. ఇన్నాళ్ళూ గొంతులో ఇరుక్కున్న మాట ఎంత తేలిగ్గా వచ్చిందో చూడండి!

"ఇప్పుడు మానేసి ఏం చేస్తావమ్మా?" అన్నాడాయన. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అడిగాడు.

ఖాళీ మంచం వైపు చూసి ఆమె ఫోను పెట్టేసింది. సోమవారం పొద్దున కంపెనీ బస్సు వీధి చివర హారన్ కొడితే, కారేజీ కూడా లేకుండా వెళ్ళి ఎక్కింది. గేటు దగ్గర అలవాటుగా ఎడమచెయ్యి పట్టుకుంది, తియ్యడానికి ఏమీ లేదు. జీవరాజు ఆమె అర వైపు చూపించాడు. ఆమె అటు చూడకుండానే మందునీళ్ళ తొట్టి వైపు నడిచింది.

అరలో, కారేజీ మూతలో, ఎర్రగాజులు ముక్కుపుడకనీ మెట్టెల్నీ మధ్యలో పెట్టుకుని అలాగే ఉన్నాయి, ఒక సైజు పెద్దవి.