మూడు మీటర్ల నడక

కుర్చీలోంచి లేచి, నేలమీద అంటించిన ఎర్ర టేపు దాకా మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. పరీక్ష అంతే. కిందటి అక్టోబరులో రంగెల్ బాబాయి దాన్ని పదమూడు సెకన్లలో చేశాడు. ఈసారి నా స్టాప్‌వాచ్ ఇరవై ఆరు చూపించింది. టేపు దగ్గర తిరగడానికే తొమ్మిది చిన్న చిన్న అడుగులు పట్టాయి.

తర్వాత రెండో పరీక్షగా, వెనక నిలబడి, భుజాలు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. పార్కిన్సన్స్ ఉన్న మనిషి ఒకటి రెండు అడుగులు వెనక్కి వేసి నిలదొక్కుకుంటే భయం లేదు. బాబాయి ఐదడుగులు వేసి నా మీదకే వాలిపోయాడు.

"మాత్ర వేసుకున్నావా బాబాయ్?"

"గంట కిందటే, బస్సులో వేసుకున్నానమ్మా."

అయితే జబ్బే ముదిరింది అనుకున్నాను. ఇరవై రెండేళ్లుగా ఈ ఆస్పత్రిలో ఇదే పని. నా వాచీ అబద్ధమాడదని నాకో పొగరు.

గోడవారగా కూర్చున్న ఆయన భార్య త్సోంకా పిన్ని అందుకుంది. "నే చెప్తే విన్నాడా? ఆ కొండవాలు మీద నలభై తేనెపెట్టెలాయె! అక్కడ పడితే లేపడానికి ఎవరున్నారు? శనివారం మా తమ్ముడు లారీ తెస్తానన్నాడు. ఒంటరిగా తిరక్కూడదని నువ్వొక్క ముక్క రాసెయ్యి తల్లీ, అన్నీ వాడికిచ్చేస్తాం."

"వాడికి తేనెటీగకీ జోరీగకీ తేడా తెలీదు," అన్నాడు బాబాయి.

"నీకు తెలిసి ఏం ఒరిగిందో!"

బాబాయి మొహం చూడలేక నేను కాగితం మీదకి వంగాను. మధ్యాహ్నం డాక్టరుకి పంపుతానని చెప్పి ఇద్దర్నీ పంపేశాను.

సగం రాసి, మనసొప్పక కిటికీ దగ్గరకి వెళ్లాను. కింద బాబాయి బస్సు స్టాపు వైపు అంగలేసుకుంటూ పోతున్నాడు. పిన్ని వెనక నుంచి కేకేస్తే గిరుక్కున తిరిగి మరీ జవాబిచ్చాడు.

మెట్లు దిగి పరుగెత్తాను. గుమ్మం దగ్గర నేల తుడిచే నెద్యాల్కా అక్క ఇంట్లో తొడుక్కునే గోధుమరంగు చెప్పుల జతని బీరువాలో పెడుతోంది.

"అవెవరివి?"

"మా ఆయనవి. ఇప్పుడెళ్లిన ముసలాయన బూట్లతో లోపలికి రాబోయాడు. బూట్ల మీద వేసే ప్లాస్టిక్ తొడుగులు అయిపోయాయి, ఇవిచ్చా. నలభై ఆరో నంబరు సైజు."

బాబాయి పాదం నలభై ఒకటికి మించదు. స్టాపు దగ్గర ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చాను. పిన్నీ వెంటే వచ్చింది.

"చెప్పులు వదులైతే చెప్పొద్దా?"

"గుమ్మంలో బూట్లు విప్పించి, లోపల తొడుక్కోవడానికి చెప్పులిచ్చి రమ్మన్నాక, ఇవి బాగాలేవంటామా? తప్పు కదూ! వేళ్లతో బిగబట్టుకున్నా."

పెళ్లైన కొత్తలో మా అత్తగారిచ్చిన ఇరుకు చెప్పుల్లో నేనూ ఏడాదిపాటు నోరెత్తలేదు. కానీ అరగంటసేపు ఆయన నడకనే చూసిన నేను ఆ చెప్పుల్ని చూడకపోవడం మాత్రం క్షమించరానిది. శుభ్రంగా పప్పులో కాలేశాను.

"బూట్లతోనా! ఇప్పుడే తుడిచాను!" అని అక్క అరుస్తుండగానే బూట్లతోనే నా గదికి తీసుకెళ్లాను. లేచాడు, నడిచాడు, టేపు దగ్గర తిరిగాడు, వచ్చి కూర్చున్నాడు. పద్నాలుగు సెకన్లు. వెనక్కి గుంజితే రెండే అడుగులు వేసి నిలబడి, "ఇంకోసారి లాగుతావా?" అని నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పాత కాగితం చింపేశాను.

"కర్ర పట్టుకుని వెళ్లు బాబాయ్, పెట్టెల దగ్గరకి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ రా."

ఇక పిన్ని నాతో పోట్లాడుతుందనుకున్నాను. ఆవిడ ఫోను తీసి, "ఒరేయ్, శనివారం రావక్కర్లేదు. లేదు, చెప్తున్నాగా, ఇవ్వం," అని పెట్టేసింది. పెట్టేసి, గోడవార కుర్చీలో కూలబడి భోరుమంది.

"వారం నుంచి నిద్రలేదమ్మా. ఆ పెట్టెలు పోతే ఈయన పొద్దున్నే దేనికోసం లేస్తాడు? అది తెలిసీ ఇచ్చేయబోయాను. మనిషి మిగిలితే చాలనుకున్నా."

బాబాయి కుర్చీలోంచి లేచి, ఆవిడ ముందుకెళ్లి, వణుకుతున్న చెయ్యి చాపాడు. ఆ చెయ్యి పట్టుకునే పిన్ని పైకి లేచింది.