దుమ్ముకు పుట్టిన నక్షత్రాలు

ఆ ఉదయం ఖగోళ పరిశోధనశాల పెద్దసారు కాళ్లు నేలమీద ఆనడం లేదు. ఒక గెలాక్సీ అంచున ఉంగరంలాంటి వెలుగు కనబడిందట. అక్కడ కొత్త నక్షత్రాలు గుంపులుగా పుడుతున్నాయట. పదకొండింటికి కమిటీవాళ్లు రావడం, ఆయన ప్రకటించడమే తరువాయి.

టెలిస్కోపు గాజులు తుడిచే వదిన ఆ ఫొటో చూసి నోరు నొక్కుకుంది. భర్త పోయాక ఆమెకు ఈ ఉద్యోగం వేయించింది పెద్దసారే, స్వయానా మరిది. ఏటేటా ఉద్యోగం పొడిగించే కాగితం మీద ఆయన సంతకం పడితేనే ఆమె పొయ్యి వెలుగుతుంది. ఈ ఏటి కాగితం ఇంకా ఆయన బల్లమీదే ఉంది.

అక్కడి పద్ధతి ఏమిటంటే, ముందు ఒక తెల్లటి తెరను ఫొటో తీస్తారు. గాజుమీద దుమ్ముంటే అందులో ఉంగరంలాంటి నీడ పడుతుంది. తర్వాత ఆకాశం ఫొటోలో ఆ నీడపడే చోట కంప్యూటరు వెలుగు పెంచి సరిచేస్తుంది. సోమవారం తెర ఫొటో తీశారు. మంగళవారం వదిన గాజు తుడిచింది. తెరను మళ్లీ తీయాలి. సారుకు తీరిక దొరకలేదు. లేని దుమ్ముకు కంప్యూటరు వెలుగు పోస్తూ కూర్చుంది.

"మరిదీ, ఒక మాట."

"ఇప్పుడు కాదు వదినా. అక్కడ నక్షత్రాలు పుడుతున్నాయి."

"పుట్టనీ. నిన్నటి గెలాక్సీలోనూ కుడివైపు కింది మూలనే పుట్టాయి. మొన్నటిదాంట్లోనూ అక్కడే. అన్నిటికీ కలిపి ఒకటే పురిటిగది ఉందా?"

ఆయన మూడు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూశాడు. అదే మూల, అదే ఉంగరం. ముఖం గంజి పెట్టిన బట్టలా బిగుసుకుంది.

"నిన్నెవరు తుడవమన్నారు?"

"నాకు జీతమిచ్చేది ముగ్గులు వేయడానికా? పుస్తకంలో రాశాను. కింద సంతకం నీదే."

పుస్తకం తెరిచింది. 'గాజు తుడిచాను. తెర ఫొటో మళ్లీ తీయాలి.' దాని కింద గద్దముక్కులాంటి సంతకం. చదవకుండా గీకిందే అయినా, ఆయనదే.

"కమిటీ ముందు ఆ పుస్తకం తెరవకు" అన్నాడు గొంతు తగ్గించి.

"మరి నా కాగితం?"

సంతకం పడింది. ఈసారి చదివి పెట్టాడు. చదివాడు గనుకే కింద ఒక షరతు కూడా తగిలించాడు: ఇకమీదట సారు అనుమతి లేనిదే ఏ మచ్చా తుడవరాదు.

కమిటీకి మాత్రం, ఎంతటి పొరపాటును తాను ఎంత తెలివిగా పట్టుకున్నాడో గంటసేపు వివరించి చప్పట్లు కొట్టించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే వదిన ఆయన తలుపు తట్టింది.

"సార్, గాజుమీద ఒక నలుసు వాలింది. తుడవమంటారా, పురుడు పోయమంటారా?"

సాయంత్రానికి అలా పదకొండుసార్లు తట్టింది. ప్రతి నలుసుకూ ఆయనే లేచొచ్చి, చూసి, చదివి, సంతకం పెట్టాల్సి వచ్చింది.