మామగారి కళ్లజోళ్లు

బాలకిషన్ గారికి గొంతు ఆపరేషనయి పదిహేను రోజులైంది. ప్రాణం దక్కింది, మాట పోయింది. "ఏం కావాలన్నా రాసి చూపించమనండి" అన్నాడు డాక్టరు, రాయడమంటే మంచినీళ్లు తాగినంత తేలికన్నట్టు. కొడుకు శ్రావణ్ సుల్తాన్ బజార్ వెళ్లి తెల్లబోర్డు, మూడు రంగుల పెన్నులు తెచ్చాడు. చిక్కడపల్లి ఇంట్లో అందరూ మంచం చుట్టూ చేరారు. ఎనభై ఏడేళ్ల పెద్దాయన పెన్ను అందుకుని, కుడి చివర మొదలుపెట్టి ఎడమ చివరిదాకా గడగడా రాసుకుంటూ పోయాడు.

"ఉర్దూల రాసిండు" అన్నాడు శ్రావణ్, ఏదో కనిపెట్టినవాడిలా.

"మామయ్యా, తెలుగుల రాయుండ్రి" అంది కోడలు విద్యావతి.

ఆయన కళ్లు చూపించి, కనబడదన్నట్టు చెయ్యి ఊపాడు. కళ్లు కనబడని మనిషి ఉర్దూ మాత్రం ఎలా రాశాడని అడగబోయింది విద్యావతి. కానీ కోడళ్లు తమకు తోచినవన్నీ అడిగేస్తే కాపురాలు నిలవవు.

కళ్లజోడు సంగతి ఆమెకు కొత్త కాదు. పెళ్లయి వచ్చిన ఇరవై రెండేళ్లుగా పొద్దున్నే తెలుగు పేపరు ఆమే చదివి వినిపిస్తోంది. "ఈ జోడు సరిగ్గ లేదమ్మ, జర నువ్వే చదువు" అనేవాడాయన. ఐదు జోళ్లు మార్చారు. నారాయణగూడలోని ఉర్దూ ప్రెస్సులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్ది కళ్లు పాడుచేసుకున్నాడని ఆమె జాలిపడేది. ఆపరేషన్ నాటినుంచి పేపరు మడత విప్పకుండానే అటకెక్కుతోంది.

శ్రావణ్ బోర్డును ఫోనుతో ఫొటో తీశాడు. తర్జుమా చేసే యాప్ కాసేపు తిప్పలుపడి, ఒంటె, మేనత్త, కొత్వాలు అని ఏవో మూడు మాటలు చెప్పి ఊరుకుంది.

"ఇంటి కాయితాల గురించే కావొచ్చు" అన్నాడు శ్రావణ్. లోకంలో అతనికి అర్థం కానిదంతా ఇంటి కాయితాల గురించే.

"తాతా! ఏం గావాలే!" అని చెవిలో అరిచింది మనవరాలు రచన. ఎనిమిదో తరగతి. వాళ్ల బడిలో తెలుగు మాట నోరు జారితే డైరీలో ఎర్ర రిమార్కు పడుతుంది. తాత చదివిన నిజాం సర్కారు బడిలో చదువంతా ఉర్దూలోనే, తెలుగు వినబడితే బెత్తం. మనం చాలా ముందుకొచ్చాం, బెత్తం పోయింది. రచన తెలుగు పద్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని బట్టీ పడుతుంది. తెలుగు పేపరిస్తే బొమ్మలు చూసి తిరిగిచ్చేస్తుంది.

బాలకిషన్ గారు బోర్డు పక్కన పడేశాడు. రెండు రోజులు మెత్తన్నం కూడా ముట్టలేదు.

మూడోనాడు విద్యావతి ఆయన చేత నోటుబుక్కులో మళ్లీ రాయించి, ఆ కాగితం పట్టుకుని ముషీరాబాద్‌లో టైలర్ మొయిన్ మాస్టర్ దగ్గరికి వెళ్లింది. ఆయన కాగితాన్ని పైనుంచి కిందికి చూసి నవ్వాడు.

"ఇది ఉర్దూ గాదమ్మా. అక్షరాలే ఉర్దూ, మాటలన్నీ తెలుగే. వినుండ్రి." చదివాడు: "విద్యమ్మా, పోయింది గొంతు, చెవులు గావు. అందరు ఒర్రుతుండ్రు, ఎవ్వలు మాట్లాడుతలేరు. పేపరు బందువెట్టినవేంది? నా కండ్లు మంచిగనే ఉన్నయి. తెలుగు అక్షరాలు మా బడిల చెప్పలే, పెద్దగయినంక అడగనీకి సిగ్గయింది. రచనకు చెప్పకు, నవ్వుతది."

చదవడం అయ్యాక మాస్టర్ మెడలో టేపు సవరించుకుంటూ అటు తిరిగాడు. విద్యావతికి ముందు ఐదు కళ్లజోళ్లు గుర్తొచ్చాయి. కొత్త జోడు వచ్చినప్పుడల్లా పేపరును దూరంగా, దగ్గరగా పెట్టుకుని ఆయన పడిన పాట్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది. అశోక్ నగర్ చేరేసరికి నవ్వు పోయింది.

అక్కడ పోటీ పరీక్షల పుస్తకాల కొట్లో ఒకటో తరగతి వాచకం అడిగింది.

"ఏ పోస్టుకక్కా?" అన్నాడు కొట్టతను.

"మామ పోస్టుకు తమ్మీ."

"గా నోటిఫికేషన్ ఎప్పుడు పడ్డది?"

"ఎనభై ఏండ్లయింది. జర లేటయింది."

ఇంటికొచ్చి ముందు పేపరు తీసి, మొదటి పేజీ నుంచి శ్రద్ధాంజలి ప్రకటనల దాకా చదివి వినిపించింది. ఆయన గిన్నెడు మెత్తన్నం తిన్నాడు.

సాయంత్రం రచనతో అంది: "తాతకు కండ్లు సరిగ్గ కనబడయి. బోర్డు మీద ఒక్కొక్క అక్షరం పెద్దగ రాసి, పేరు చెప్పుకుంట చూపియ్యి."

"నాకే సరిగ్గ రావు మమ్మీ!"

"పుస్తకం చూసి రాయి."

మామగారితో అంది: "మామయ్యా, పిల్లకు తెలుగు రాదు, నలుగురిల నవ్వులపాలయితది. ప్రూఫులు దిద్దినోళ్లు, మీరు జర చూడుండ్రి."

ఆయన కోడలివంక చాలాసేపు చూశాడు. తర్వాత ఎర్ర పెన్ను అందుకున్నాడు.

రెండు నెలల పాటు ఆ మంచం మీద ఇద్దరు గురువులుండేవారు, శిష్యులెవరూ లేరు.

ఒక మధ్యాహ్నం భోజనం మధ్యలో ఆయన బోర్డు పైకెత్తాడు. ఎడమ నుంచి కుడికి, వంకర టింకరగా మూడు మాటలు. రచన కూడబలుక్కుని చదివింది.

"పప్పుల... ఉప్పు... లేదు."

ఎనభై ఏడేళ్లకు మాతృభాష ఇంటికి తిరిగొచ్చింది. రాగానే వంటకు వంక పెట్టింది.

విద్యావతి ఉప్పుడబ్బా కోసం వంటింట్లోకి వెళ్లింది. డబ్బా ఎదురుగానే ఉంది గానీ, కాసేపు కనబడలేదు. ఆమెకూ ఒక జోడు మార్చాలి కాబోలు.