ఇంకా వాడని పేరు

షట్టర్ లేపగానే ముందు దుమ్ము దులుపుకోవడం ఆ వీధిలోని దుకాణాలన్నిటికీ అలవాటు. పరుపుల దుకాణంలో మాత్రం ఎంత దులిపినా లాభం లేదు. దూది నలుసులు మేస్త్రీ కనుబొమల మీద, గోడ గడియారం మీద, చివరికి టీ గ్లాసులో కూడా తేలుతుంటాయి. మేస్త్రీ ఊదుకుని తాగేస్తాడు.

పాత పరుపుల్ని కోసి, గడ్డకట్టిన దూదిని యంత్రంలో వేసి ఏకడం అతని పని. ఏకిన దూదిని కొత్త గుడ్డలో సమంగా కూరి, జానెడు దబ్బనంతో కుట్టడం చిట్టి పని. ముక్కుకి గుడ్డ కట్టుకుని గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చుందంటే మళ్ళీ మధ్యాహ్నం అన్నానికే లేస్తుంది. మేస్త్రీ ఆమెకంటే చిన్నవాడు. చిట్టక్కా అంటాడు. వీధిలో మిగతావాళ్ళకి వట్టి చిట్టి.

దూది ఏకుతుంటే పేర్లు రాలతాయి. మనుషులు నిద్రలోనో, నిద్రపట్టకో ఎవర్నో ఒకర్ని పిలుచుకుంటారు. ఆ పిలుపు చెమటలాగే పరుపులోకి ఇంకిపోతుంది. ఏళ్ళు గడిచాక యంత్రం పళ్ళు ఆ ముద్దను విడదీసినప్పుడు, పిలిచిన గొంతుతోనే పైకి లేస్తుంది. చెమట మరక కనబడితే ఎవరూ నోరెళ్ళబెట్టరు కదా, దీనికి మాత్రం ఎందుకు అంటాడు మేస్త్రీ.

లేచిన పేరును ఊరికే వదిలెయ్యకూడదన్నది మేస్త్రీ తండ్రి పెట్టిన కట్టుబాటు. యంత్రం ఆపి, మెట్టు మీద నిలబడి, వీధి వినేలా మూడుసార్లు పిలవాలి. ఎవరైనా పలికితే ఆ పేరు వాళ్ళది. మూడోసారి కూడా ఎవరూ పలక్కపోతే పరుపు తెచ్చినవాళ్ళు పట్టుకెళ్ళి ఏ పసిబిడ్డకైనా పెట్టుకోవచ్చు. మందుల షాపతని మనవరాలికి ‘గవ్వ’ అన్న పేరు అలాగే దొరికింది. సైకిళ్ళు బాగుచేసేవాడి కొడుకు ‘వేసవి’ కూడా ఇక్కడి దూదిలోంచి లేచినవాడే. ఈ మధ్య పాత పేర్ల మోజు పెరగడంతో కడుపుతో ఉన్నవాళ్ళు అమ్మమ్మల పరుపులు మోసుకొచ్చి బెంచీ మీద వరసగా కూర్చుంటున్నారు.

అందరికీ ముత్యాలే దొరుకుతాయని కాదు. చాలా పరుపుల్లోంచి తిట్లే వస్తాయి. ఒకసారి ఒకాయన పరుపులోంచి ఆయన గొంతుతోనే ఒక ఆడపేరు మహా ముద్దుగా లేచింది. పక్కనే ఉన్న ఆయన భార్య పేరు అది కాదు. “మా గేదె పేరండీ” అన్నాడాయన.

“పరుపు మీద గేదెను పిలిచావా?” అందావిడ. ఆ పరుపు కోసం ఇద్దరూ మళ్ళీ రాలేదు. ఇప్పటికీ అటక మీదే ఉంది.

చిట్టి కూతురు సిటీ బస్సులో కండక్టర్. తొమ్మిదో నెల రావడంతో సెలవు పెట్టి, రోజూ మధ్యాహ్నం తల్లికి క్యారేజీ తెచ్చి, సాయంత్రం దాకా ఆ బెంచీ మీదే కూర్చుంటోంది. బస్సు గొంతు ఇంకా దిగలేదు. మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినబడుతుంది.

“ఎవరెవరి పేర్లో దేనికమ్మా? నా బిడ్డకి నీ పేరు పెట్టుకుంటానంటుంటే!”

“చిట్టి అని పెట్టుకో. ఎవరొద్దన్నారు?”

“అది నీ పేరు కాదని నువ్వే చెప్తావు. మరి నీ పేరేంటంటే గుర్తులేదంటావు. సొంత పేరు మర్చిపోయే మనిషుంటుందా ఎక్కడైనా?”

ఉంటుంది. చిట్టిని ఆరేళ్ళకే ఒక పెద్దింట్లో పనికి పెట్టారు. పడవ నడిపే తండ్రి, ముగ్గురు అన్నలూ ఒక వరదలో పోయారు. ఆమెను ఆ ఇంటి గుమ్మంలో వదిలి వెళ్ళిన తల్లి కూడా ఎక్కువకాలం బతకలేదు. అంతకుముందు ఆ ఇంట్లో పనిచేసిన పిల్లను చిట్టి అనేవారు. ఆ పిల్లకు ముందు చేసిన మనిషీ చిట్టే. ఇంట్లోవాళ్ళ నాలుకలకు అది సులువుగా అలవాటైంది కనక కొత్తగా వచ్చిన పిల్ల కూడా చిట్టి అయిపోయింది. ఒకరి భూమి లాక్కోవాలంటే కనీసం దొంగ దస్తావేజైనా పుట్టించాలి. ఒకరి పేరు లాక్కోవడానికి ఇంటిల్లిపాదికీ ఒక అలవాటుంటే చాలు. పెళ్ళయి ఆ ఇల్లు వదిలేనాటికి ఆమె తన పేరు కోసం వెతుక్కుంటే నాలుక మీద ఏమీ లేదు. చెప్పడానికి తెలిసినవాళ్ళూ మిగల్లేదు.

“ఎవరూ పలకని మంచి పేరు ఒకటి పడనీ. నీ బిడ్డకి అదే అడిగి పుచ్చుకుంటా” అంది చిట్టి దారం కొరుకుతూ.

ఆ మాట అంటుండగానే దుకాణం ముందు కారు ఆగింది. పైన పరుపు తాళ్ళతో కట్టి ఉంది. ముందు ఒక గర్భిణి దిగింది. వెనక సీట్లోంచి చేతికర్ర, దాని వెనకాల ఒక పెద్దావిడ దిగారు. చిట్టి చేతిలో దబ్బనం ఆగింది. ఆ కర్ర కొత్తది గానీ, దిగుతూనే దుకాణాన్ని పైనుంచి కిందికి చూసిన ఆ చూపు పాతదే.

“ఎవరూ, చిట్టివా? ఇక్కడ తేలావా?” అంది పెద్దావిడ, నిజంగానే సంతోషపడి.

“బావున్నారా అమ్మగారూ?” చిట్టి లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలీదు, కాళ్ళు లేచాయి. కూతురు అది చూసి మొహం తిప్పుకుంది.

“మా కోడలు. దీనికి పాత పేరే కావాలిట. మా వంశంలో ఇప్పుడున్నవాళ్ళెవరూ పెట్టుకోని పేరు కావాలిట. అటక మీదున్న పరుపు దింపించింది.”

“పుస్తకాల్లో పేర్లన్నీ ఒకేలా ఉన్నాయండీ” అంది కోడలు నవ్వుతూ. “ఎవరో ఒకరు ప్రేమగా పిలిచిన పేరు కావాలి నాకు.”

మేస్త్రీ పరుపు కోసి చెయ్యి పెట్టాడు. “ఇందులో రెండు రకాల దూది కలిసిందమ్మా. చుట్టూ మంచిదే. మధ్యలో ఈ నల్లబడిన ముద్ద ఏదో చిన్న పరుపులోది.”

“పారెయ్యడం ఎందుకని ఎప్పుడో దేన్నో కలిపేసి ఉంటాం” అంది పెద్దావిడ.

యంత్రం తిరిగింది. మంచి దూదిలోంచి ముందు ఒక ముసలాయన దగ్గు, ఎవరో అప్పుల వాణ్ణి తలుచుకుని తిట్టిన తిట్టు లేచాయి. ఆ తర్వాత మేస్త్రీ నల్లటి ముద్దను అందించాడు. పళ్ళు దాన్ని విడదీశాయి. గుడ్డకు పెదాలు ఆనించి చెప్తున్నట్టు, చాలా చిన్న గొంతు పైకి వచ్చింది.

“చుక్కాని, పడుకో. భయం లేదు. నేనున్నాగా, చుక్కాని.”

కోడలి కళ్ళు చెమ్మగిల్లాయి. “చుక్కాని! ఎంత బావుంది అత్తయ్యా! మన ఇంట్లో ఎవరో ఎవర్నో ఎంత ప్రేమగా జోకొట్టారో చూడండి.”

“మా ఇంట్లో ఆ పేరుగలవాళ్ళు ఎవరూ లేరే” అంది పెద్దావిడ నొసలు చిట్లించి.

“మీకంటే ముందు తరం అయ్యుంటుంది. ఎవరో తల్లి...”

“తల్లి గొంతు కాదమ్మా, చిన్నపిల్లది” అన్నాడు మేస్త్రీ యంత్రం ఆపుతూ. “ఉండండి, ముందు వీధిలో పిలవాలి. ఎవరూ పలక్కపోతే మీదే.”

మెట్టు మీద నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. “చుక్కానీ!”

వీధిలో ఎవరూ ఆగలేదు. చిట్టి వేలిలో దబ్బనం దిగింది. ఎందుకో ఫినాయిల్ వాసన వేసింది. మెట్ల కింద బకెట్లు, తుడుపు గుడ్డలు పెట్టే చోటు కళ్ళకు కట్టింది. అక్కడ మోకాళ్ళు ముడుచుకుంటే తప్ప పట్టని చిన్న పరుపు. పగలంతా వేరే పేరుతో పిలిపించుకుని, సొంత పేరు ఎక్కడ జారిపోతుందోనని, పడుకోబోయే ముందు దాన్ని తానే పిలుచుకుని, తానే జోకొట్టుకునే పిల్ల. పిలవడానికి ఇంకెవరూ లేరు మరి.

“చుక్కానీ!”

సైకిళ్ళ షాపులోంచి “ఇక్కడెవరూ లేరన్నా!” అని ఎవరో అరిచారు. కోడలు రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఊపిరి బిగబట్టింది. చిట్టి నోరు తెరిచింది. ఆ ఇంట్లోవాళ్ళ ముందు ఆ పేరుకు పలకడం ఆమె గొంతుకు నేర్పినవాళ్ళు లేరు.

మేస్త్రీ మూడోసారికి ఊపిరి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే పెద్దావిడ ఎండకు మొహం తుడుచుకుంటూ, “చిట్టీ, కాసిని మంచినీళ్ళు ఇయ్యి” అంది.

“చుక్కానీ!” అన్నాడు మేస్త్రీ.

“ఆఁ” అంది ఆమె.

మేస్త్రీ వెనక్కి తిరిగాడు. కూతురు బెంచీ పట్టుకుని లేచింది. పెద్దావిడ మాత్రం చెయ్యి చాపే ఉంది. “చల్లటివి అయితే...”

“మీకు పలకలేదమ్మగారూ” అంది ఆమె. “అతనికి పలికాను.”

వీధిలో బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

“నీ పేరు నేనెప్పుడూ అడగలేదు కదూ?” అంది పెద్దావిడ చివరికి. చాపిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కర్ర మీద పెట్టుకుంది.

“అడిగారమ్మగారూ. వచ్చిన రోజే అడిగారు. చెప్పాను. బావుంది చిట్టీ, చీపురు తలుపు వెనకాల ఉంది అన్నారు.”

అందులో నిష్ఠూరం లేదు. అప్పుడే గుర్తొచ్చిన మాటను గుర్తొచ్చినట్టే చెప్పింది. పెద్దావిడ బెంచీ మీద కూలబడింది. నీళ్ళు కోడలే తెచ్చి ఇచ్చింది.

“ముగ్గురు మగపిల్లల తర్వాత నేను పుట్టానుట” అని చెప్పుకుపోతోంది ఆమె కూతురికి, ఆపితే మళ్ళీ పోతుందేమో అన్నట్టు. “పడవ ఉంది, తెడ్లు ఉన్నాయి, చుక్కాని ఒక్కటే తక్కువైంది, ఇన్నాళ్ళకి వచ్చింది అన్నాడుట మా నాన్న.”

“అబ్బ, అమ్మా!” కూతురు కళ్ళు తుడుచుకుంది. “అయిపోయింది. ఇంక వెతకడం లేదు. ఆడపిల్ల పుడితే అదే పేరు.”

కోడలు ఒక అడుగు ముందుకు వేసి, తటపటాయించి, “మీ పేరు మీదే. నేను అడగకూడదు. కానీ ఈ పేరు పలికినప్పుడల్లా ఇక్కడ కదిలింది” అంది పొట్ట చూపిస్తూ.

ఇద్దరు గర్భిణులూ ఆమెకేసే చూస్తున్నారు. పేరున్న మనిషి వైపు జనం ఎలా చూస్తారో మొదటిసారి తెలిసింది ఆమెకు. కొంచెం గర్వంగా కూడా అనిపించింది. తప్పేముంది?

“ఎవరికీ ఇవ్వను” అంది.

“నాక్కూడానా?” కూతురి గొంతు వీధి చివరికి వెళ్ళింది.

“నీక్కూడా. నేనింకా వాడలేదే దాన్ని. కొత్తది. కొత్త గుడ్డ చుడితే పసిదాని ఒంటికి గుచ్చుకోదూ? నన్ను కొన్నాళ్ళు కట్టుకోనీ. మెత్తబడ్డాక మీ ఇష్టం, చింపుకుని ఇద్దరూ పంచుకోండి.”

ముందు నవ్వింది పెద్దావిడే. నవ్వుతూనే కొంగుతో మొహం కప్పుకుంది.

“మరి నా బిడ్డకి ఎక్కణ్ణుంచి తెచ్చేది?” అంది కూతురు.

“మా నాన్న ఏ దూదిలో వెతికాడు? తన పనిలోంచి తీసి పెట్టాడు. నీకు మాత్రం పని లేదా?”

పెద్దల పేర్లు రాళ్ళ మీద చెక్కి ఉంటాయి. మిగిలిన లోకం తన పేర్లను తన చేతులతోనే పుట్టించుకుంది, ఇక ముందు కూడా అంతే. వారం తిరక్కుండా పుట్టిన ఆడపిల్లకు బస్సు కండక్టర్ ‘మలుపు’ అని పేరు పెట్టింది. ఆస్పత్రిలో పేరు అడిగిన నర్సు “అదేం పేరు?” అంటే, “రోజూ వంద దాటుతాను. అవతల ఏముందో చూడాలని ప్రతిసారీ ఉంటుంది” అంది.

కొన్నాళ్ళకు ఆ పెద్దింట్లో అంట్లు తోమే మనిషి ఒకరోజు దుకాణానికి వచ్చింది. ఆమె ఆ ఇంటికి ఇప్పటి చిట్టి.

“అక్కా, మా ఇంట్లో ఏం జరిగిందో తెలుసా? చిన్నమ్మగారు నా పేరడిగింది. చెప్పాను. మళ్ళీ చెప్పమంది. ఆ ముసలావిడ కూడా పక్కన కూర్చుని, పెదాలు కదుపుకుంటూ నేర్చుకుంటోంది.”

“వచ్చిందా ఆవిడకి?”

“ఇంకా తడబడుతోంది. వస్తుందిలే.”

ఆమె వెళ్ళాక చుక్కాని పీట మీదకు ఒక చిన్న గలేబు తీసుకుంది. ఆ నల్లటి దూదిని ఆ రోజు కోడలు తమ పరుపులో మళ్ళీ వెయ్యనివ్వలేదు. ఏకితే నురగలా తెల్లబడి, పసిపిల్ల దిండుకు సరిపోయేంత తేలింది. గలేబులో సమంగా కూరింది. ఒక మూల మాత్రం కుట్టకుండా వదిలి, మేస్త్రీ వైపు చూసింది. అతను టీలో నలుసులు ఊదుకుంటున్నాడు.

దిండును మొహానికి దగ్గరగా తీసుకుని, ఆ మూలలోని దూదికి పెదాలు ఆనించింది.

“చుక్కానీ” అని పిలిచింది మెల్లగా. “ఇక లే. తెల్లారింది.”

మాట బయటికి పోకముందే ఆ మూల కుట్టేసింది.